గట్టు మీద బతికున్న బొమ్మ ఇంటికొచ్చాక ఎందుకు చచ్చిపోతోంది?

గోదారి_గట్టు
రెండేళ్లుగా ఆయిల్స్‌లో ల్యాండ్‌స్కేపులు వేస్తున్నాను. మాది రాజమండ్రి. ఈ చలికాలం మొదలైనప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే కోటిలింగాల రేవుకో, ధవళేశ్వరం వైపుకో వెళ్లి 6 బై 8 అంగుళాల బోర్డు మీద స్పాట్ పెయింటింగ్ (చూస్తూ అక్కడికక్కడే వేయడం) చేస్తున్నాను. గంటన్నర, రెండు గంటల్లో ఎంత వస్తే అంత. అక్కడ ఉన్నంతసేపూ బాగానే కనిపిస్తుంది. ఇంటికి తెచ్చి గోడకి ఆనించి చూస్తే మసిబారినట్టు నల్లగా ఉంటుంది. సరే అని తెలుపు కలిపి తేలిక చేస్తే సుద్ద పూసినట్టు అవుతుంది. దాన్ని చూసి 18 బై 24 కాన్వాస్ మీద పెద్దది వేస్తే ఇంకా అన్యాయం, నీళ్లు నీళ్లలా ఉండవు, అవతల కొవ్వూరు ఒడ్డున చెట్లన్నీ వరసగా పేర్చిన క్యాలీఫ్లవర్లలా ఉంటాయి. ఇప్పటికి 14 చిన్న బోర్డులు, 3 పెద్ద కాన్వాసులు అయ్యాయి. చిన్నవాటిలో రెండు మూడు నాకు నిజంగా నచ్చాయి. పెద్దవాటిలో ఒక్కటీ నచ్చలేదు. బయట మొదలుపెట్టినదాన్ని ఇంట్లో పూర్తి చేయడం మీరంతా ఎలా చేస్తున్నారు? అక్కడే పూర్తి చేసేయాలా? ఫోటో పెట్టుకుని వేయాలా?

భీమిలి_బ్రష్
అక్కడే పూర్తి చేయండి. పూర్తి కాకపోతే వదిలేయండి. ఇంటికొచ్చి ముట్టుకున్న ప్రతిసారీ నేను పాడుచేశాను. నావి నీటిరంగులు అనుకోండి, వాటిలో దిద్దడానికి ఎక్కువ వీలుండదు. కానీ ఆయిల్స్‌లో అయినా అదే మాట అంటాను.

సీమ_రాళ్లు
ఫోటో తీసుకోకుండా ఎలా అండీ? గండికోటలో పెన్నా లోయ మీద పొద్దున ఎండ పడే తీరు 20 నిమిషాల్లో మారిపోతుంది. రాతి పొరల మధ్య నీడ ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడం నా వల్ల కాదు. ఫోన్‌లో అయిదారు ఫోటోలు తీసి, అక్కడ రంగులు మాత్రం పట్టుకుని, మిగతాది ఇంట్లోనే చేస్తాను. నావి యాక్రిలిక్స్, మార్చి తర్వాత ప్యాలెట్ మీద రంగు 5 నిమిషాలు కూడా నిలవదు కాబట్టి నాకు వేరే దారి లేదు.

డ్రాయింగ్_మాస్టారు
@గోదారి_గట్టు, ఒకటి అడుగుతాను. మీరు వేసేటప్పుడు బోర్డు మీద ఎండ పడుతుందా, నీడలో ఉంటుందా? ప్యాలెట్ సంగతి కూడా చెప్పండి.

గోదారి_గట్టు
ఎండలోనే మాస్టారూ. రేవు దగ్గర నీడ లేదు. పొద్దున తూర్పు ఎండ నా వీపు మీదుగా వచ్చి నేరుగా బోర్డు మీద పడుతుంది. అది మంచిదే అనుకున్నాను, రంగులు బాగా కనిపిస్తాయి కదా అని.

డ్రాయింగ్_మాస్టారు
సగం జబ్బు అక్కడే ఉంది. నేరుగా ఎండ పడితే బోర్డు మీది ప్రతి రంగూ ఉన్నదానికన్నా ఎంతో తేలికగా కనిపిస్తుంది. కన్ను ఆ వెలుగుకి అలవాటు పడిపోతుంది. అప్పుడు సరిపోయిందనుకున్న రంగు నిజానికి రెండు మెట్లు ముదురు. ఇంట్లో గోడకి ఆనించగానే అసలు రూపం బయటపడుతుంది, అదే మీరు చెప్పిన మసి. దాన్ని సరిచేయడానికి తెలుపు కలిపారు. తెలుపు రంగుని తేలిక చేస్తుంది, దానితోపాటు దాని వేడినీ లాగేస్తుంది, అందుకే సుద్ద. బోర్డూ ప్యాలెట్టూ రెండూ నీడలో ఉండాలి, రెండిటి మీదా ఒకే రకం వెలుగు పడాలి. గొడుగు పట్టండి. మన మామూలు నల్ల గొడుగు చాలు, తెల్లదైనా మంచిదే. ఎరుపు, నీలం గళ్ల గొడుగు మాత్రం వద్దు, ఆ రంగు మొత్తం మీ బోర్డు మీదికి దిగుతుంది. నేను 30 ఏళ్లు హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పాను, పిల్లల్ని బయటికి తీసుకెళ్లినప్పుడల్లా మొదట చెప్పేది ఇదే. ముందు మీ నీడ చూసుకోండి, తర్వాత చెట్టు నీడ చూడండి అని.

ఇంకో సంగతి. పొద్దున మీరు రాజమండ్రి గట్టు మీద నిలబడితే సూర్యుడు మీ వెనక ఉంటాడు. ఎదురుగా కొవ్వూరు ఒడ్డుకి ముందునుంచి వెలుగు పడుతుంది. అప్పుడు నీడలన్నీ చెట్ల వెనక దాక్కుంటాయి, ఆకారం చప్పబడుతుంది. మీ చెట్లు క్యాలీఫ్లవర్లు కావడానికి మీ చెయ్యి ఒక్కటే కారణం కాదు. సాయంత్రం 4 దాటాక వెళ్లి చూడండి, సూర్యుడు అవతలి ఒడ్డు మీదికి దిగుతాడు, అప్పుడు అదే చెట్లు ఒకే ముద్దగా, అంచున వెలుగుతో నిలబడతాయి.

గోదారి_గట్టు
ఇది నాకు ఎవరూ చెప్పలేదు మాస్టారూ. రెండేళ్లుగా నా రంగులు తక్కువ రకానివని కంపెనీలు మారుస్తూ వచ్చాను.

ఓరుగల్లు_రంగులు
మాస్టారు చెప్పినదానికి ఒక మాట కలుపుతా. ఆయిల్స్ ఆరేటప్పుడు కొన్ని రంగులు లోపలికి ఇంకిపోయి మెరుపు పోతుంది. ముఖ్యంగా అంబర్లు (మట్టి గోధుమ రంగులు), ముదురు రంగులు. వారం తర్వాత చూస్తే ఆ చోట బూడిద పట్టినట్టు ఉంటుంది, రంగు మారిపోయిందని మనం అనుకుంటాం. దాని మీద కొత్త రంగు కలిపితే ఎప్పటికీ కలవదు. మొదలుపెట్టే ముందు బాగా ఆరిన ఆ చోట బట్టతో అవిసె నూనె చాలా పల్చగా రుద్ది, మిగిలింది తుడిచేయండి. తడిసిన రాయిలాగా అసలు రంగు మళ్లీ పైకి వస్తుంది. అప్పుడు దానికి సరిపోయేది కలపొచ్చు. నేను రామప్ప చెరువు గట్టు మీద వేసిన బోర్డులకి ప్రతిసారీ ఇదే చేస్తాను.

కొత్త_కుంచె
నూనె రుద్దితే పగుళ్లు రావా అన్నా?

ఓరుగల్లు_రంగులు
పల్చగా రుద్ది తుడిస్తే రావు తమ్ముడూ. పగుళ్లు ఎప్పుడు వస్తాయంటే, కింద నూనె ఎక్కువున్న పొర వేసి, పైన టర్పంటైన్‌తో పల్చన చేసిన పొర వేస్తే. పైది తొందరగా ఆరి గట్టిపడుతుంది, కిందిది ఇంకా మెత్తగా కదులుతుంటుంది. అందుకే కింద నూనె తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ. స్పాట్‌లో పల్చటి టర్పంటైన్ పొరతో మొదలుపెట్టేవాళ్లకి ఇది దానంతటదే కుదురుతుంది, స్టూడియో పొర పైన వస్తుంది కాబట్టి.

ఇంకోటి, నూనె తుడిచిన గుడ్డలు ముద్ద చేసి మూలకి పారేయొద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకోవచ్చు. విడివిడిగా పరిచి ఆరేయండి, లేదంటే మూతున్న నీళ్ల డబ్బాలో వేయండి. మన ఎండాకాలంలో ఇది మరీ జాగ్రత్త.

చినుకు_చిత్రం
@భీమిలి_బ్రష్ "అక్కడే పూర్తి చేయండి" అన్నారు, మీరు హాయిగా రెండు గంటలు కూర్చోగలరు కాబట్టి ఆ మాట అనగలిగారు. నేను హైదరాబాద్‌లో ఒక్కదాన్నే వెళ్లినప్పుడు 40 నిమిషాలు దాటితే చుట్టూ జనం. కొందరు మంచివాళ్లే, పిల్లలు అయితే మరీ ముద్దు, "ఆంటీ, మా కుక్కని కూడా వేయండి" అంటారు. కొందరి చూపు వేరేగా ఉంటుంది, అప్పుడు కుంచె కదలదు. ఒక పాత కోట దగ్గర ఈజిల్ నిలబెట్టబోతే గార్డు ఒప్పుకోలేదు, ఒళ్లో పెట్టుకుని వేశాను. కాబట్టి నాకు ఇంట్లో పూర్తి చేయడం సరదా కాదు, అవసరం. ఇప్పుడు గోడకి వీపు ఆనేలా చోటు ఎంచుకుంటాను, వెనక ఎవరూ నిలబడలేరు. వీలైతే ముగ్గురం నలుగురం కలిసి వెళ్తాం. వాన వస్తే కారు ముందు సీట్లో కూర్చుని స్టీరింగ్‌కి బోర్డు ఆనించి వేసిన రోజులున్నాయి.

భీమిలి_బ్రష్
మీరు చెప్పింది నిజం. నేను ఆ వైపునుంచి ఆలోచించలేదు. నా మాట కొంచెం మార్చుకుంటాను. అక్కడ వేసినదాన్ని ముట్టుకోవద్దు, దాన్ని చూసి ఇంట్లో కొత్త కాగితం మీద కొత్తగా వేయండి. పాతది సాక్షిలాగా పక్కన ఉండాలి.

సీమ_రాళ్లు
ఫోటో ఉంటే ఆ సాక్షి అవసరమేముంది?

చినుకు_చిత్రం
ఫోటో అబద్ధం చెబుతుంది కాబట్టి. ఫోన్‌తో తీసిన ఫోటోలో నీడలు దాదాపు నల్లగా వస్తాయి, లేదా నీడలు కనిపిస్తే ఆకాశం తెల్లగా తేలిపోతుంది. కంటితో చూస్తే నీడలో నీలం, ఊదా, కింద నేల మీంచి తిరిగొచ్చే ఎర్రటి వెలుగు అన్నీ ఉంటాయి. పైగా ఫోన్ మామూలు లెన్స్ వెడల్పుగా చూస్తుంది కాబట్టి దూరంగా ఉన్న కొండ మరుగుజ్జు అయిపోతుంది, దగ్గరున్న పొద కొండంత అవుతుంది. మీ గండికోట ఫోటోలో లోయ అవతలి గోడని, మీరు అక్కడ కూర్చుని గీసిన గీతని పక్కపక్కన పెట్టి చూడండి. మీ గీతలో ఆ గోడ కచ్చితంగా పెద్దగా ఉంటుంది, ఎందుకంటే మీ మనసు దాన్నే చూసింది.

సీమ_రాళ్లు
ఇప్పుడే చూశాను. దాదాపు రెండింతలు ఉంది నా గీతలో. ఇన్నాళ్లూ అది నా తప్పనుకుని ఫోటో ప్రకారం సరిచేస్తూ వచ్చాను.

డ్రాయింగ్_మాస్టారు
ఫోటో పూర్తిగా వద్దని నేను అనను. పడవ తెడ్డు ఎక్కడ కట్టి ఉంటుంది, వంతెన కమాను కింద దూలం ఎలా పోతుంది, ఇలాంటివాటికి పనికొస్తుంది. రంగుకీ, టోన్‌కీ (ఎంత ముదురు, ఎంత తేలిక అన్నదానికి) మాత్రం దాన్ని అడగకండి.

@గోదారి_గట్టు, పెద్ద కాన్వాస్ సంగతికి వద్దాం. 6 బై 8ని 18 బై 24 చేశారు, కొలత నిష్పత్తి సరిగ్గా ఉంది, మంచిదే. కానీ చుట్టుకొలత 3 రెట్లు అయితే స్థలం 9 రెట్లు. చిన్న బోర్డు మీద అరంగుళం కుంచెతో ఒక్క దెబ్బలో వచ్చిన ఇసుక తిన్నె, పెద్దదాని మీద అదే కుంచెతో వేస్తే 9 దెబ్బలు. ఆ ఖాళీ నింపడానికి మీరు ఆకులు, అలలు, గడ్డి పరకలు పెడుతూ పోతారు. అక్కడే బొమ్మ చచ్చిపోతుంది. పెద్ద కాన్వాస్‌కి 3 రెట్ల వెడల్పున్న కుంచె తీసుకోండి, పెయింట్ షాపులో దొరికే గోడ బ్రష్ అయినా సరే. చిన్నదాంట్లో ఎన్ని దెబ్బలు ఉన్నాయో పెద్దదాంట్లోనూ దాదాపు అన్నే ఉండేలా మొదలుపెట్టండి. కావాలంటే మధ్యలో 12 బై 16 ఒకటి వేసుకోండి, కాగితం మీద బొగ్గుతోనైనా సరే, పెద్దది చేస్తే ఏది ఖాళీగా తోస్తుందో అక్కడే తెలిసిపోతుంది.

గోదారి_గట్టు
నేను వాడింది సరిగ్గా అదే చిన్న కుంచె మాస్టారూ. నీళ్ల మీద ఒక్కో అలనీ విడిగా వేశాను, మూడు రాత్రులు కూర్చుని.

ఓరుగల్లు_రంగులు
ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ చేసిన పని ఇక్కడ చెప్పాలి. ఆయన ఇంగ్లండ్ పల్లెల్లో బయట చిన్న చిన్న ఆయిల్ స్కెచ్‌లు వేసుకుని లండన్ స్టూడియోలో ఆరడుగుల కాన్వాసులు వేశాడు. 1821లో వేసిన 'హే వెయిన్' అనే బొమ్మ కూడా అలా వచ్చిందే. చిన్నదాన్నుంచి నేరుగా పెద్దదానికి దూకలేదు. ముందు అదే ఆరడుగుల కొలతలో ఇంకో పెద్ద స్కెచ్ ఆయిల్స్‌లోనే వేసి, అన్నీ తేల్చుకుని, ఆ తర్వాత అసలుది మొదలుపెట్టాడు. చాలామంది ఇప్పుడు ఆ స్కెచ్‌నే ఎక్కువ ఇష్టపడతారు. ఇంకా, 1821, 1822లో హాంప్‌స్టెడ్‌లో మబ్బుల్ని వరసపెట్టి వేశాడు. వాటి వెనక తేదీ, గంట, గాలి ఎటునుంచి వీస్తోంది అన్నీ రాసుకున్నాడు. స్టూడియోలో కూర్చున్నప్పుడు ఆ రాతే ఆయనకి ఆకాశం.

మనం రాసుకుంటున్నామా అలా? నేను ఆ సంగతి తెలిశాక మొదలుపెట్టాను. "7.10, ఎండ ఎడమవైపు, నీళ్లు ఆకాశం కన్నా ముదురు, అవతలి ఒడ్డు నీలం కాదు బూడిద ఊదా." ఇలా నాలుగు ముక్కలు బోర్డు వెనక పెన్సిల్‌తో. నెల తర్వాత అవి చదివితే ఫోటో కన్నా ఎక్కువ గుర్తొస్తుంది.

భీమిలి_బ్రష్
ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే అయితే అంతా బయటే పూర్తి చేశాడు కదా. వెలుగు మారితే కాన్వాస్ మార్చేవాడు.

ఓరుగల్లు_రంగులు
అది సగమే నిజం. 1890, 91లో గడ్డివాముల వరసకి కాన్వాసులు మార్చుతూ వేసిన మాట నిజమే. కానీ రువాన్ చర్చి బొమ్మలు 1892, 93లో అక్కడ వేసి, జివెర్నీలో తన స్టూడియోకి తెచ్చి పూర్తి చేశాడు, వాటి మీద 1894 అని ఉంటుంది. బయట మొదలుపెట్టి లోపల ముగించడం ఆయనకీ తప్పలేదు.

భీమిలి_బ్రష్
సరే, ఒప్పుకుంటున్నాను. మోనే 1870లో ట్రూవిల్ బీచ్‌లో వేసిన బొమ్మ రంగులో ఇసుక రేణువులు దొరికాయి, అందువల్ల నాకు ఆయన మావాడే అనిపిస్తుంది. ఎర్రమట్టి దిబ్బల దగ్గర గాలి లేస్తే నా కాగితం నిండా ఇసుకే.

కోనసీమ_పచ్చ
వాన్ గోహ్ 1889లో వేసిన ఆలివ్ చెట్ల బొమ్మలో మిడత ఇరుక్కుని ఉందని 2017లో కనిపెట్టారు. మా కాలవ గట్టున సాయంత్రం వేస్తే దీపం పురుగులన్నీ టైటానియం వైట్ మీదే వాలతాయి, నా బొమ్మల్లో ఏం దొరుకుతాయో వందేళ్ల తర్వాత చూడాలి.

కొత్త_కుంచె
అసలు తడి బోర్డు బైక్ మీద ఇంటికి ఎలా తెస్తారు? నిన్న నా ప్యాంటుకి అంటుకుంది.

కోనసీమ_పచ్చ
ఒకే సైజు బోర్డులు రెండు తీసుకెళ్లు. నాలుగు మూలలా అగ్గిపుల్ల ముక్కలు పెట్టి, రంగు లోపలికి ఉండేలా ఎదురెదురుగా మూసి, రబ్బరు బ్యాండ్లు గట్టిగా వేసేయ్. మూలల్లో చుక్కంత మచ్చ పడుతుంది, అంతే. బోర్డులు కొనక్కర్లేదు, ప్లైవుడ్ షాపులో మిగిలిన హార్డ్‌బోర్డు ముక్కలు కోయించుకుని రెండు కోట్లు గెస్సో (రంగు పట్టడానికి ముందు వేసే తెల్ల పూత) వేసుకుంటే చాలు.

మంచులో_తెలుగు
మిషిగన్ నుంచి. మాకు ఇక్కడ డిసెంబర్ నుంచి మార్చి దాకా బయట 20 నిమిషాలు కూడా కష్టం, నీటిరంగులు కాగితం మీదే గడ్డకడతాయి. కొందరు నీళ్లలో కాస్త వోడ్కా కలుపుతారు. నేను మాత్రం వేరే పద్ధతికి వచ్చాను. అయిదు నిమిషాలు కదలకుండా చూస్తాను. వెనక్కి తిరుగుతాను. చూసింది పైకి చెప్పుకుంటాను, "మంచు నీడ నీలం, కొట్టం గోడ ఎరుపు కాదు ఇటుక బూడిద, ఆకాశం కింది అంచున పసుపు". మళ్లీ తిరిగి చూస్తే ఎక్కడ తప్పు చెప్పానో తెలుస్తుంది. ఇంటికొచ్చి అప్పుడు వేస్తాను. విస్లర్ అనే చిత్రకారుడు 1870ల్లో థేమ్స్ నది రాత్రి బొమ్మలు ఇలాగే నది చూసి వచ్చి జ్ఞాపకం నుంచి స్టూడియోలో వేశాడు. నది బొమ్మకి ఈ పద్ధతి బాగా నప్పుతుంది, ఎందుకంటే నది ఎలాగూ మన కోసం ఆగదు. మాది నర్సాపురం. రెండేళ్లకోసారి వచ్చినప్పుడు వశిష్ఠ గోదావరి ఒడ్డున ఇదే చేస్తాను, ఇక్కడికొచ్చాక చలికాలమంతా వాటినే వేసుకుంటాను.

గోదారి_గట్టు
@మంచులో_తెలుగు మీ పోస్ట్ చదివి నిన్న సాయంత్రం రేవు దగ్గరకి ఊరికే వెళ్లాను, రంగులు లేకుండా. వెనక్కి తిరిగి చెప్పుకుంటే నేను నీళ్ల రంగు "నీలం" అన్నాను. తిరిగి చూస్తే నీలం ఎక్కడా లేదు. దగ్గర ఆకుపచ్చ కలిసిన గోధుమ, మధ్యలో ఆకాశం వెండి, అవతలి ఒడ్డు కింద చెట్ల ముదురు. అన్ని బోర్డుల మీదా నేను నీలమే వేశాను.

డ్రాయింగ్_మాస్టారు
అంతే. నీళ్లకి సొంత రంగు తక్కువ. ఇప్పుడు మాఘంలో తేరుకుని ఉంటుంది, శ్రావణంలో వరద వచ్చాక చూడండి, అదే గోదారి ఎర్రమట్టి రంగులో ఉంటుంది, ఆకాశాన్ని అంతగా చూపించదు.

మీ ఊళ్లోనే దామెర్ల రామారావు గారి పేరిట ఆర్ట్ గ్యాలరీ ఉంది. 1897లో పుట్టి 1925లో, 28 ఏళ్లు నిండకుండానే మశూచితో పోయారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన చెయ్యి గుర్తించి ప్రోత్సహించాడు, బొంబాయి జేజే స్కూల్లో చదివారు. వెళ్లి గంట సేపు నిలబడి చూడండి. ఏం వేశారని కాదు, ఎక్కడ వేయకుండా వదిలేశారో చూడండి.

కోనసీమ_పచ్చ
నా బాధ వేరు. మా అమలాపురం చుట్టూ అంతా పచ్చ. కొబ్బరి పచ్చ, వరి పచ్చ, అరటి పచ్చ, కాలవ మీద గుర్రపుడెక్క పచ్చ. స్పాట్‌లో అయిదు రకాలు కనిపిస్తాయి, ఇంటికొచ్చేసరికి అంతా ఒకటే పచ్చ, డబ్బా పెయింట్‌లా.

చినుకు_చిత్రం
ట్యూబులో పచ్చ నేరుగా వాడుతున్నారా?

కోనసీమ_పచ్చ
విరిడియన్, సాప్ గ్రీన్.

చినుకు_చిత్రం
ఒక నెల ఆ రెండూ ఇంట్లో పెట్టేసి వెళ్లండి. అల్ట్రామెరీన్ నీలం, లెమన్ ఎల్లో, యెల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్ంట్ సియన్నా (ఎర్ర గోధుమ), తెలుపు, ఇవి చాలు. అల్ట్రామెరీన్‌లో ఓకర్ కలిపితే దూరపు చెట్ల మెత్తటి పచ్చ. లెమన్ ఎల్లో ఎక్కువ, నీలం చిటికెడు, అది ఎండ పడ్డ నారుమడి. దేనిలోనైనా బర్ంట్ సియన్నా కాస్త కలిపితే పచ్చ మరీ కొట్టొచ్చినట్టు ఉండదు. ఇంకోటి, కొబ్బరి మట్టల మీద పైన పడే మెరుపు పచ్చ కాదు, అది ఆకాశం, నీలం కలిసిన తెలుపు. కింద నుంచి ఎండ దూరి కనిపించే ఆకు మాత్రం పసుపు పచ్చ. మామిడి చిగురు అయితే రాగి రంగు. స్పాట్‌లో పూర్తిగా వేయలేకపోయినా బోర్డు అంచున ఈ అయిదు పచ్చల్నీ చుక్కలుగా పెట్టుకోండి, ఏ చుక్క దేనిదో రాసుకోండి. ఇంట్లో ఆ చుక్కల్ని చూసి కలపొచ్చు.

కోనసీమ_పచ్చ
అంచున చుక్కలు! ఇంత తేలికైన పని ఎందుకు తట్టలేదో.

డ్రాయింగ్_మాస్టారు
తర్వాత విరిడియన్ వెనక్కి తెచ్చుకోండి, అదేమీ పాపం చేయలేదు. విరిడియన్, అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు) కలిస్తే కొబ్బరి తోట లోపలి చీకటి వస్తుంది, నలుపు ట్యూబు ముట్టకుండా.

సీమ_రాళ్లు
ఇంట్లో వెలుగు సంగతి ఎవరూ చెప్పలేదు. ఉత్తరం కిటికీ ఉండాలి, నేరుగా ఎండ రాదు అని వీడియోల్లో అందరూ చెబుతారు.

చినుకు_చిత్రం
ఆ వీడియోలు యూరప్, అమెరికా వాళ్లవి. అక్కడ సూర్యుడు ఏడాదంతా మధ్యాహ్నం దక్షిణం వైపే ఉంటాడు. మనకి అలా కాదు. హైదరాబాద్‌లో మే 9 దగ్గర ఒకసారి, ఆగస్టు 3 దగ్గర ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబెట్టిన కర్రకి నీడ పడదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం వైపే. మా ఫ్లాట్‌లో ఉత్తరం కిటికీలోంచి జూన్‌లో కాన్వాస్ మీదికి ఎండ చార పడుతుంది. పల్చటి తెల్ల పంచె కర్టెన్‌గా కట్టాను. రాత్రిళ్లు వేసేవాళ్లు 5000 కెల్విన్ (పగటి వెలుగులాంటి తెలుపు), సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన ఉన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టుకోండి, పసుపు బల్బు కింద కలిపిన తెలుపు పొద్దున్నే చూస్తే నీలంగా ఉంటుంది.

భీమిలి_బ్రష్
నీటిరంగుల వాళ్ల కోసం ఒకటి. మార్చి దాటాక వాష్ (పల్చటి నీటిరంగు పూత) వేస్తుండగానే ఆరిపోతుంది. కాగితం రెండు వైపులా బాగా తడిపి యాక్రిలిక్ షీట్ మీద పరచండి, 300 జీఎస్ఎం కాటన్ కాగితం అయితే దాదాపు అరగంట తడి నిలుస్తుంది. వానాకాలం భీమిలిలో మాకు దీనికి సరిగ్గా తిరగేసిన కష్టం, ఒక వాష్ ఆరడానికి అంతసేపు కూర్చోవాలి, అప్పుడు పక్కనే ఇంకో కాగితం మీద రెండోది మొదలుపెడతాను. సముద్రం వేసేవాళ్లు గుర్తుపెట్టుకోండి, విశాఖ వైపు పొద్దున సూర్యుడు సముద్రం మీంచి వస్తాడు కాబట్టి నీళ్లు వెండిలా మెరుస్తాయి, నీలం కావాలంటే మధ్యాహ్నం 3 తర్వాత.

గోదారి_గట్టు
మూడు వారాల తర్వాత వస్తున్నాను. రెండు ఆదివారాలు సాయంత్రం వెళ్లాను. నల్ల గొడుగుని సైకిల్ హ్యాండిల్‌కి కట్టాను. బోర్డు ఇంటికి తెచ్చి చూస్తే మొదటిసారి అక్కడ ఎలా ఉందో ఇక్కడా దాదాపు అలాగే ఉంది. ఒక్క చోట కూడా తెలుపు కలపాల్సిన పని రాలేదు. వెనక రాసుకున్నది "5.25, ఎండ ఎదురుగా, పాత వంతెన స్తంభాలు ఊదా, నీళ్లు వాటికన్నా తేలిక, తిన్నె అన్నిటికన్నా తేలిక". రెండో వారం ఆ రాతకీ బొమ్మకీ తేడా కనిపించిన చోట మాత్రమే దిద్దాను.

పెద్దది మొన్న మొదలుపెట్టాను. రెండంగుళాల గోడ బ్రష్‌తో. మొదటి గంటలోనే నది నదిలా పడుకుంది. నాకు ఆనందం ఆగలేదు, మా ఆవిడని నిద్రలేపి చూపించాను. ఇప్పుడు ఒక చిన్న సందేహం. ముందు భాగంలో ఖాళీగా ఉంది. చూసినవాళ్లంతా ఒక తెరచాప పడవ పెట్టమంటున్నారు. నేను వెళ్లిన రోజుల్లో అక్కడ పడవ లేదు.

సీమ_రాళ్లు
పెట్టండి. స్టూడియో ఉన్నది అందుకే కదా, లేనిది కలపడానికి, ఉన్నది తీసేయడానికి.

ఓరుగల్లు_రంగులు
నేను ఒప్పుకోను. తీసేయడం వేరు, కలపడం వేరు. కరెంటు తీగలు, ఫ్లెక్సీలు తీసేస్తే మనం చూసింది ఇంకా తేటపడుతుంది. చూడని పడవ పెడితే దాని మీద ఏ వెలుగు పడాలో, నీళ్లలో నీడ ఎంత పొడుగుండాలో అన్నీ ఊహించాలి. మిగతా బొమ్మంతా చూసి వేసింది, అదొక్కటి విని వేసింది. కన్ను సరిగ్గా అక్కడికే పోయి ఆగుతుంది.

డ్రాయింగ్_మాస్టారు
నాకూ పడవ వద్దనే ఉంది, కానీ కారణం వేరు. చిన్న బోర్డులో ముందు భాగం ఖాళీగా ఉందని మీకు అనిపించిందా? లేకపోతే, పెద్దదాంట్లో అనిపిస్తున్నది ఖాళీ కాదు, అంచుల సమస్య కావచ్చు. తిన్నె అంచు అంతటా ఒకే పదునులో ఉందేమో చూడండి. ఒక చోట మెత్తగా నీళ్లలోకి కలిపేయండి, ఒక చోట పదునుగా వదిలేయండి. మళ్లీ ఒకసారి అదే గంటకి అక్కడికి వెళ్లి, పెద్ద కాన్వాస్ తీసుకెళ్లకుండా, ఆ ముందు భాగం ఒక్కటే చిన్న బోర్డు మీద వేసుకుని రండి. స్టూడియోలో ఇరుక్కుంటే మందు స్టూడియోలో దొరకదు.

మంచులో_తెలుగు
మాస్టారు చెప్పిన చివరి పని నేను చేయలేను, నాకు గోదారి 13 వేల కిలోమీటర్ల దూరం. మీరు చేయగలరు. వెళ్లండి దయచేసి.

గోదారి_గట్టు
వెళ్లొచ్చాను. తిన్నె అంచు మాస్టారు చెప్పినట్టే ఉంది, ఎడమవైపు తడి ఇసుక నీళ్లలో ఎక్కడ కలుస్తుందో గీత గీయలేం. కుడివైపు మాత్రం కత్తితో కోసినట్టు ఉంది, ప్రవాహం అటు కోస్తోంది. రాత్రి కాన్వాస్ మీద ఎడమ అంచుని గుడ్డతో తుడిచేశాను.

కొత్త_కుంచె
పడవ పెట్టారా అన్నా?

గోదారి_గట్టు
లేదు తమ్ముడూ. తిన్నె మీద ఒక కొంగ ఉంది. అది నేను వెళ్లిన రెండు ఆదివారాలూ, నిన్న కూడా, అదే చోట నిలబడి ఉంది.